గీతలో కనిపించే చెయ్యి

1840లో బ్రిటన్ తెచ్చిన తొలి తపాలా స్టాంపు పెన్నీ బ్లాక్ మీద విక్టోరియా రాణి ముఖాన్ని ఉక్కుపై చెక్కించడానికి పెద్ద కారణం దొంగ స్టాంపుల భయం. అంత సన్నని గీతలను మరో చెయ్యి అచ్చుగుద్దినట్టు దింపడం కష్టం. స్టాంపులు సేకరించేవాళ్లను ఇప్పటికీ కట్టిపడేసేది ఆ గీతే. ఆఫ్‌సెట్ ముద్రణలో రంగులు చవగ్గా, చక్కగా వస్తాయి కదా అంటే, నిజమే. కానీ భూతద్దం పెడితే ఆ బొమ్మ చుక్కలుగా విడిపోతుంది. చెక్కిన స్టాంపులో గీత గీతగానే నిలుస్తుంది, పలక మీది గాడిలోంచి కాగితానికెక్కిన సిరా వేలికి తగులుతుంది. చెక్కిన బొమ్మ ఎంతైనా ఫొటోకు నకలేగా అనేవాళ్లూ ఉన్నారు. బుగ్గ మీది నీడకు గీతలు ఎంత దగ్గర పడాలో, ఎక్కడ ఆగాలో ఫొటో చెప్పదు. పోలండ్‌లో పుట్టి స్వీడన్‌లో స్థిరపడ్డ చెస్వాఫ్ స్వానియా వెయ్యికి పైగా స్టాంపులు చెక్కాడు; అన్నిటా ఆ తీర్పు ఆయనదే. దాన్ని గీతగీతలో చదువుకోవడమే ఈ సేకరణలోని అసలు రుచి.