పనిముట్టుకూ విమర్శ కావాలి

నవల వస్తే సమీక్ష రాస్తాం. సినిమా వస్తే మ్యాట్నీ అయ్యేలోపే రాస్తాం. ఆ నవల ఏ సాఫ్ట్‌వేర్‌లో టైపయింది, ఏ ఫాంట్‌లో అచ్చయింది, దాని రాతప్రతి ఇవాళ ఎవరి సర్వర్లో పడుంది అన్న సంగతులు మాత్రం సాహిత్యానికి సంబంధం లేనివన్నట్టు వదిలేస్తాం. అవి టెక్నాలజీ వాళ్ళు చూసుకుంటారులే అనుకుంటాం. వాళ్ళు చూసే పద్ధతి మనకు తెలిసిందే. ‘ఈ ఏడాది తప్పక వాడాల్సిన పది ఉచిత యాప్‌లు’ అని ఒక జాబితా వస్తుంది. ఒక్కోదానికీ రెండు వాక్యాలు, నాలుగు నక్షత్రాలు. పైసా ఖర్చు లేదు, చూడ్డానికి బావుంది, ఫలానా కంపెనీ యాప్‌కి ఇది ప్రత్యామ్నాయం. అంతే. పోయినేడు మెచ్చుకున్నవి ఈ ఏడు ఎందుకు కనబడటం లేదో ఎవరూ చెప్పరు.

కొత్త సాఫ్ట్‌వేర్ వెతుక్కోవడం నాకు సరదా. పాత పుస్తకాల కొట్లో పేరు వినని కవి సంపుటి చేతికి తగిలినప్పుడు ఉండే సరదా లాంటిదే అది. కాబట్టే ఈ జాబితాలంటే నాకు కోపం. అవి దేన్నీ చదవవు. ధర చూస్తాయి, సోకు చూస్తాయి, కొత్తదా కాదా చూస్తాయి. రాసుకునేవాళ్ళు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. దీన్ని చేసినవాళ్ళు రేపు వదిలేసి వెళ్ళిపోతే నా రాత ఏమవుతుంది?

ముందు మాట దగ్గర మొదలుపెడదాం. ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అంటే డబ్బులక్కర్లేదనీ అర్థమే, కట్టుబాటు లేదనీ అర్థమే. ఈ చిక్కు విడదీయడానికి ఆ ఉద్యమం వాళ్ళు ఇప్పటికీ వివరణలు ఇచ్చుకుంటూనే ఉన్నారు. మనకా బాధ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఒక సంస్థ తన పేరే ‘స్వేచ్ఛ’ అని పెట్టుకుంది. అయినా మన వ్యాసాల్లో ‘ఉచిత సాఫ్ట్‌వేర్’ అనే పడుతూ ఉంటుంది. చేతిలో రెండు మంచి మాటలుండి తప్పు మాట ఏరుకున్నాం.

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. అక్కణ్ణుంచి పెరిగిన ఉద్యమం నాలుగు స్వేచ్ఛల్ని లెక్కపెట్టింది. లెక్క సున్నా నుంచి మొదలు. ఏ పనికైనా వాడుకోవచ్చు. లోపల ఎలా పనిచేస్తుందో చూసి మార్చుకోవచ్చు. ప్రతులు పంచొచ్చు. మార్చిన ప్రతుల్నీ పంచొచ్చు. ఈ నాలుగింట్లో ధర ప్రసక్తి ఎక్కడా లేదు. డబ్బులు తీసుకుని అమ్మినా ఈ నాలుగూ ఉండొచ్చు. ఊరికే ఇచ్చి నాలుగూ దాచేసుకోనూ వచ్చు. మన ఫోన్లలో ఉన్న ఉచిత యాప్‌లు చాలావరకు రెండో రకమే. ‘ఓపెన్ సోర్స్’ అన్న పేరు 1998లో వచ్చింది, వ్యాపారం చేసేవాళ్ళు బెదిరిపోకుండా ఉండటానికి. నేను రెండు పేర్లూ వాడతాను గానీ, జాబితాలు చదివేటప్పుడు ఆ నాలుగూ గుర్తుపెట్టుకుంటాను.

జాబితా అంటేనే విమర్శకి పనికిరాదని కాదు. ఎఫ్-డ్రాయిడ్ చూడండి. 2010లో మొదలైన ఈ ఆండ్రాయిడ్ యాప్‌ల భాండాగారంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మాత్రమే ఉంటుంది. నక్షత్రాలు లేవు, వాడినవాళ్ళ పొగడ్తలు లేవు. వాటి బదులు కొన్ని యాప్‌ల కింద చిన్న హెచ్చరిక ఉంటుంది: ఇందులో ప్రకటనలున్నాయి, ఇది మీ కదలికల్ని గమనిస్తుంది, దీని కోడ్ స్వేచ్ఛగా ఉన్నా ఇది ఆధారపడే నెట్‌వర్క్ సేవ అలాంటిది కాదు. వీటిని వాళ్ళు ప్రతికూల లక్షణాలుగా లెక్కిస్తారు. తన అరలో పెట్టుకున్న పుస్తకం లోపాన్ని తనే అట్ట మీద రాసిపెట్టే కొట్టువాణ్ణి ఊహించుకోండి. నేను చూసినవాటిలో విమర్శకి దగ్గరగా వచ్చిన జాబితా ఇదే. దీని లోపాలు దీనికీ ఉన్నాయి. మామూలుగా కోడ్ తెచ్చుకుని తామే యాప్ తయారుచేస్తారు కాబట్టి కొత్త వెర్షన్లు ఆలస్యంగా వస్తాయి. వెతుకులాట సరిగా కుదరదు. చూడ్డానికి గవర్నమెంటు లైబ్రరీ కేటలాగులా ఉంటుంది. అయినా ఆ హెచ్చరిక ఒక్కటి పది నక్షత్రాలకంటే ఎక్కువ చెప్తుంది.

వదిలేసి వెళ్ళిపోతే ఏమవుతుందన్న ప్రశ్నకి మన భాషలోనే ఒక జవాబుంది. తెలుగు వార్తాపత్రికల సైట్లు ఒక్కోటీ ఒక్కో సొంత ఫాంటు పెట్టుకున్న రోజుల్లో, ఆ ఫాంటు లేనివాళ్ళకి తెరమీద కనిపించేది ఇంగ్లీషక్షరాల గజిబిజి. ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు దాన్ని యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది. చేసినవారు వెన్న నాగార్జున. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికిందీ ఆయనే. పద్మలో ఇంగ్లీషు లిపిలో కొట్టిన తెలుగుని తెలుగు లిపిలోకి మార్చే భాగం కూడా ఉంది. దాని కోడ్ అందరికీ అందుబాటులో ఉంది కనక వీవెన్ ఆ పునాది మీద ‘లేఖిని’ కట్టారు. బ్లాగుల కాలంలో తెలుగు రాయడం మొదలుపెట్టిన ఎంతోమంది చేతివేళ్ళకి ఆ పేజీ గుర్తుంటుంది.

తర్వాత సైట్లన్నీ మెల్లగా యూనికోడ్‌లోకి వచ్చాయి. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57వ వెర్షన్ పాత తరహా పొడిగింపుల్ని తీసుకోవడం మానేసింది. పద్మ పుట్టిన అవసరమూ, ఆ రూపమూ రెండూ పోయాయి. ఆ కోడ్ చేసిన పని మాత్రం లేఖినిలో సాగింది. ఒక రాతప్రతిని చూసి మరొకరు ప్రతి తీసుకోవడం, తీసుకుంటూ తన కాలానికి కావాల్సింది చేర్చుకోవడం మనకి కొత్త కాదు. తాళపత్రాల నాటి పాఠాలు చాలావరకు అలాగే మన దాకా వచ్చాయి. మొదటి ప్రతి రాసినవాడు ఇంకో ప్రతి తీయకూడదని తాళం వేసుంటే అవి ఆయన పెట్టెలోనే చెదలు పట్టేవి.

టెసరాక్ట్ కథ కూడా అలాంటిదే. స్కాన్ బొమ్మలోంచి అక్షరాలు చదివే ఈ ప్రోగ్రాం 1985 నుంచి దాదాపు పదేళ్ళు హెచ్‌పీ కంపెనీ లోపల తయారైంది. ఆ తర్వాత మూలన పడింది. 2005లో దాని కోడ్‌ని బయటపెట్టారు, మరుసటి ఏడు నుంచి గూగుల్ చేయూతనిచ్చింది. ఇవాళ అది తెలుగూ చదువుతుంది. పాత లెటర్‌ప్రెస్ అచ్చులో వత్తుల దగ్గర తడబడుతుంది, అరిగిపోయిన టైపులో మ, య తేడా ఎప్పుడూ పట్టుకోలేదు. మనిషి కూర్చుని దిద్దాల్సిందే. కానీ దిద్దిన పేజీ మనది. మూలన పడ్డ ఒక కంపెనీ ప్రయోగం స్కాన్ల గుట్టల్లో ఉన్న మన పాత పుస్తకాల్ని వెతకడానికి వీలైన పాఠంగా మార్చే పనికి వచ్చిందంటే, ఆ కోడ్ బయటికి రాబట్టే.

ఫాంట్లదీ ఇదే మాట. సిలికానాంధ్ర ద్వారా వచ్చిన మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి, గిడుగు లాంటి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. వాటిని పుస్తకంలో వాడొచ్చు, ఈ-బుక్‌లో పొదగొచ్చు, ఏదైనా వత్తు వంకరగా ఉందనిపిస్తే సరిదిద్ది మళ్ళీ పంచొచ్చు. చిన్న ప్రచురణకర్తలకి ఇది చిన్న సంగతి కాదు. ఫాంటు బావుందా లేదా అన్న చర్చలు మనలో జరుగుతూనే ఉంటాయి. దాన్ని బాగుచేసే హక్కు మనకుందా అన్న చర్చ కూడా జరగాలి.

వెబ్ సర్వీసుల దగ్గరికొస్తే లెక్క మారుతుంది. సాఫ్ట్‌వేర్ మన మిషన్లో ఉంటుంది, కంపెనీ మూతపడ్డా కొన్నాళ్ళు పనిచేస్తుంది. సర్వీసు అద్దిల్లు. ఇల్లుగలవాళ్ళు ఖాళీ చెయ్యమంటే చెయ్యాల్సిందే. గూగుల్ రీడర్ 2013 జులైలో మూతపడింది. అయితే అది చదివే ఆరెస్సెస్ అనే పద్ధతి ఏ ఒక్కరి సొత్తూ కాదు. జనం తమ సైట్ల జాబితాని ఒక ఫైలుగా దింపుకుని ఫ్రెష్ఆరెస్సెస్ లాంటి స్వేచ్ఛా పాఠకాల్లోకి మారిపోగలిగారు. యాహూ గ్రూప్స్ సంగతి చూడండి. తెలుగు సాహిత్యం మీద రచ్చబండ లాంటి గుంపుల్లో ఏళ్ళ తరబడి వాదాలు నడిచిన చోటు అది. 2019 డిసెంబరులో గుంపుల పాత సందేశాల పేజీలు అందకుండా పోయాయి, 2020 డిసెంబరులో మొత్తం మూసేశారు. మెయిల్‌బాక్సుల్లో దాచుకున్నవాళ్ళ దగ్గర మిగిలినంతే మిగిలింది. ఛందస్సు మీద, పాఠాంతరాల మీద మనుషులు రాత్రిళ్ళు కూర్చుని రాసిన ఉత్తరాలవి. ఏ పత్రికలోనూ అచ్చుకాలేదు. ఇవాళ అదే తరహా సంభాషణ ఫేస్‌బుక్ వ్యాఖ్యల్లో జరుగుతోంది. పోయినేడాది చదివిన ఒక మంచి వాదాన్ని అక్కడ మళ్ళీ వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో మీకు తెలుసు.

ఇంత చెప్పాక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ని నెత్తిన పెట్టుకుంటే అదీ విమర్శ కాదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ ప్రోగ్రాంలో దొంగదారి బయటపడింది. ప్రపంచంలోని లినక్స్ మిషన్లు ఎన్నో ఆధారపడే దాన్ని చాలాకాలం ఒకే ఒక్క మనిషి తీరిక వేళల్లో చూసుకునేవాడు. సాయం చేస్తానంటూ వచ్చిన మరొకరు రెండేళ్ళకు పైగా నమ్మకం సంపాదించి అందులో విషం పెట్టారు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఒక ఇంజనీరు తవ్వి చూడబట్టి దొరికింది. కోడ్ తెరిచి ఉండటం వల్లే దొరికిందని ఒకరంటారు, తెరిచి ఉన్నా ఇన్నాళ్ళు ఎవరూ చూడలేదని ఇంకొకరంటారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. చదివే హక్కు ఉండటం వేరు, చదివేవాళ్ళుండటం వేరు. ఈ తేడా సాహిత్యం వాళ్ళకి వివరించక్కర్లేదనుకుంటా.

ఇంకొకటి, మెనూల్లో తెలుగు. సెట్టింగ్స్‌కి ‘అమరికలు’ అన్న మాట చక్కగా కుదిరింది. ఫైలుకి తెలుగు వికీపీడియా వాడే ‘దస్త్రం’ తాసీల్దారు ఆఫీసులోంచి వచ్చిన పాత మాటే, కాస్త అలవాటైతే నోటికి పడుతుంది. బ్రౌజర్‌ని ‘విహారిణి’ అంటే మాత్రం ఎవరి గురించి మాట్లాడుతున్నారో అనిపిస్తుంది. ఈ అనువాదాలు చేసేది జీతం లేని స్వచ్ఛంద సేవకులు. వాళ్ళని వెక్కిరించడం తేలిక. అయితే ఇక్కడ కూడా మార్చే హక్కు మన చేతుల్లోనే ఉంది. మాటల మీద ఇంత పట్టింపున్న మనం ఆ పేజీల వైపు వెళ్ళకపోవడమే విచిత్రం.

కొత్త నోట్స్ యాప్ ఏదైనా కంటపడితే నేను ముందుగా ఒక వాక్యం కొడతాను. అందులో ఱ ఉంటుంది, అరసున్న ఉంటుంది, ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాట ఉంటుంది. దాన్ని మామూలు టెక్స్ట్ ఫైలుగా బయటికి తీసి ఇంకో ప్రోగ్రాంలో తెరుస్తాను. ‘ఫ్ట్’కీ ‘వే’కీ మధ్య కంటికి కనిపించని విడదీసే అక్షరం ఒకటుంటుంది. దారిలో అది రాలిపోతే మాట ‘సాఫ్ట్వేర్’ అయి కూర్చుంటుంది. ఆ ఒక్క అక్షరాన్ని కాపాడని యాప్ మూడొందల పేజీల నవలని కాపాడుతుందని నమ్మను. అసలు బయటికి తీయనివ్వకపోతే అక్కడితో సరి. ఆ తర్వాత లైసెన్సు చదువుతాను. కోడ్‌లో చివరి మార్పు ఎప్పుడు జరిగిందో, ఎంతమంది చేతులు పడ్డాయో చూస్తాను. ఇవన్నీ కలిపి పావుగంట పని. అప్పుడు చూస్తాను అందంగా ఉందో లేదో. అందమూ కావాలి, ఎవరు కాదన్నారు.