నాలుగు దిక్కులకూ తెరిచిన కమాన్లు

చార్మినారూ, నిన్ను పొద్దున్నే చూడాలి.

మదీనా చౌరస్తా నుంచి పత్తర్‌గట్టీ మీదుగా నడిచొస్తే, దుకాణాల షట్టర్లు ఇంకా లేవకముందే, గుల్జార్ హౌజ్ దాటాక కమాను నడుమ నిండుగా కనిపిస్తావు. తూర్పు మినార్ల మీద ఎండ పడి సున్నపు గార పసుపు తిరుగుతూ ఉంటుంది. పడమటివి ఇంకా బూడిదరంగులోనే ఉంటాయి. కాసేపట్లో నాలుగూ ఒక్క రంగుకు వస్తాయి. ఆ కాసేపటి కోసం ఎంత దూరం నుంచైనా రావచ్చు.

గోల్కొండ కోట ఇరుకైపోతే మూసీకి దక్షిణాన కొత్త నగరం కట్టాడు మహమ్మద్ కులీ కుతుబ్ షా. దక్కనీలో కవిత్వం అల్లిన సుల్తాను. 1591లో, హిజ్రీ లెక్కన వెయ్యో ఏడు వచ్చిన వేళ, ఆ నగరానికి నడిబొడ్డుగా నిన్ను నిలిపాడు. తన కొత్త ఊరి నడుమ రాజు కోటబురుజు పెట్టుకోవచ్చు, సింహాసనం పెట్టుకోవచ్చు. ఈ రాజు చౌరస్తా పెట్టాడు. ఉత్తర దక్షిణాల దారీ తూర్పు పడమరల దారీ కలిసే చోట నాలుగు కమాన్లు ఎత్తించాడు. పేరు మినార్లది గానీ నా మొక్కు ఆ కమాన్లకే. ఒక్కోటి 11 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల ఎత్తు. దేనికీ తలుపు లేదు, గడియ లేదు. ఎటు నుంచి వచ్చినవాడికైనా ఎదురుగా నీ ముఖమే. వెనకవైపంటూ లేనిదానివి నువ్వు. 1889లో నీకు గడియారాలు అమర్చినవాళ్లు కూడా నీ మనసెరిగినట్టే నాలుగు వైపులా అమర్చారు.

నీ మెట్లది వేరే లోకం. గుండ్రంగా తిరిగే ఇరుకు దారి, ఎత్తెత్తు రాళ్లు. ఇన్ని తరాల పాదాలకు అంచులు నున్నగా అరిగిపోయాయి. మసక వెలుతురులో గోడ పట్టుకునే ఎక్కాలి. పైనుంచి దిగేవాళ్లు ఎదురైతే ఒకరు గోడకు కరుచుకుని దారివ్వాలి. “ఆగమ్మా, పెద్దాయన దిగుతున్నాడు” అంటారెవరో. వెనకున్నవాళ్లంతా ఆగుతారు. పైన మసీదు దాకా 149 మెట్లు, చూడవచ్చినవాళ్లను మొదటి అంతస్తు వరకే పోనిస్తారు. అయినా చాలు. వసారాలోకి అడుగు పెట్టగానే గాలి మొహాన కొడుతుంది. ఉత్తరాన చార్ కమాన్, పడమర లాడ్ బజార్, నైరుతిలో మక్కా మసీదు, దాని ముందు పావురాలు. ప్రతి దారీ నీ కాళ్ల దాకా వచ్చి, అవతలి వైపు మళ్లీ దారై సాగిపోతుంది.

మధ్యాహ్నం ఎండకు లాడ్ బజార్ నీడే శరణ్యం. గాజుల మెరుపు చూసుకుంటూ సాగిపోయేవాళ్లే ఎక్కువ. కాని బొగ్గుల కుంపటి ముందు కూర్చున్న మనిషి దగ్గర ఆగాలి. వేడికి మెత్తబడ్డ లక్కను సన్నగా, పొడుగ్గా సాగదీస్తాడు. రంగు పట్టిస్తాడు. ఆరకముందే వంచి రెండు కొసలూ అతికిస్తాడు. కర్ర అచ్చుకు తొడిగి కొలత సరిచేస్తాడు. మళ్లీ కాస్త వేడి తగిలించి, అద్దాల ముక్కలూ రంగురాళ్లూ ఒక్కొక్కటే అద్దుతాడు. ఆలస్యమైతే లక్క బిగుసుకుంటుంది, తొందరపడితే వేలు కాలుతుంది. ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ వేళ్లకు అది ఎప్పుడో దక్కాల్సింది.

సాయంత్రం ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. వాటి గురించి చెప్పను, నీ ఎదుట నిలబడి తాగాల్సిందే.

నీ మీద దిగులూ ఉంది. 2019లో ఒక మినార్ నుంచి గార పెచ్చు ఊడిపడిందని విన్నప్పుడు, ఇంట్లో పెద్దవాళ్లు కాలు జారి పడ్డారన్న కబురు విన్నట్టయింది. ఇన్నేళ్ల బండ్ల పొగ, అదురు ఊరికే పోతాయా? ఇప్పుడు నీ చుట్టూ నడిచేవాళ్లకు దారి వదిలారు, కంచె కట్టారు. తలుపే లేని నీకు కంచె అంటే మనసొప్పదు. అయినా ఉండనీ. నువ్వు పదికాలాలు నిలవాలి.

దీపాలు వెలిగాక నీ చుట్టూ జనం రెట్టింపవుతారు. భుజాల మీద పిల్లలు, చేతుల్లో సంచులు, అత్తరు వాసన, ముత్యాల దుకాణాల తళుకు. కూతురి పెళ్లికని కరీంనగర్ నుంచి వచ్చిన తల్లి గాజుల కొట్టు ముందు పట్టు విడవదు. “ఆఖరి మాట చెప్పు భయ్యా.” “మీ మాటే కానియ్యండమ్మా” అంటూ అతను రెండు డజన్లు కాగితంలో చుట్టేస్తాడు. ఆమె డబ్బులిచ్చి, “చిన్నదానికి ఇంకో జత చూపించు” అని మళ్లీ కూర్చుంటుంది.