పాత ఫొటోను వెనక్కి తిప్పి చూడాలి

గోడమీది పాత ఫొటో ఎప్పటిదని అడిగితే చాలా ఇళ్లలో వచ్చే జవాబు ‘ముత్తాతగారి పెళ్లినాటిది’ అనే. ఆ మాటను కొట్టిపారేయనక్కర్లేదు. కానీ ఫొటో కాలం తేల్చాలంటే ముందుగా సాక్ష్యం అడగాల్సింది అందులోని ముఖాలను కాదు, కాగితాన్నీ అట్టనూ. మనుషుల జ్ఞాపకంలో తరాలు కలిసిపోతాయి. కాగితం తయారైన తీరు మాత్రం మారదు.

పందొమ్మిదో శతాబ్దపు ద్వితీయార్ధంలో స్టూడియోలు ఎక్కువగా వాడింది ఆల్బుమెన్ కాగితం. పల్చటి కాగితానికి ఉప్పు కలిపిన గుడ్డు తెల్లసొన పూసి, వెండి లవణం పట్టించి, గాజు నెగెటివ్‌కు ఆనించి ఎండలో అచ్చు తీసేవారు. అది చుట్టుకుపోకుండా అట్టకు అంటించేవారు. భూతద్దంతో చూస్తే పూత కింద కాగితపు నార కనిపిస్తుంది; తెల్లగా ఉండాల్సిన చోట్లు పసుపుబారి ఉంటాయి. తర్వాత వచ్చిన జిలటిన్ కాగితంలో నార సాధారణంగా కనబడదు. వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే, పాతబడిన ప్రింటులోని నల్లటి భాగాల మీద వెండి మెరుపు తేలుతుంది. ఈ తేడా పట్టుకుంటే పాతిక ముప్పయ్యేళ్ల సందేహం తీరిపోవచ్చు.

ఇక అట్టమీది ముద్ర. సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ 1896లో బొంబాయిలోనూ స్టూడియో తెరిచారు. కాబట్టి ఆయన అట్టమీద బొంబాయి చిరునామా కూడా ఉంటే, ఆ అట్ట అంతకుముందుది కాదు. అలాగని 1905లో ఆయన పోయేలోపుదే అనీ చెప్పలేం. కుటుంబం ఆ వ్యాపారాన్ని ఆ తర్వాతా సాగించింది. పేరు ఆయనదైనంత మాత్రాన తీసింది ఆయనే కానక్కర్లేదు. ఘోషా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ఆయన తెరిచిన జనానా స్టూడియోను నడిపింది ఒక ఆంగ్ల మహిళ.

నగలూ చీరకట్టూ చూసి కాలం చెప్పలేమా అని అడగవచ్చు. కొంతవరకు చెప్పగలం. కానీ పట్టుచీర తరాలు దాటుతుంది, కోటు అరువు తెచ్చుకున్నదీ కావచ్చు. ఇంతకన్నా గట్టి అభ్యంతరం మరొకటుంది: పాత ఫొటోను తిరిగి ఫొటో తీయిస్తే కాగితం కొత్తది, బొమ్మ పాతది అవుతుంది కదా! నిజమే. కానీ అలాంటి నకలులో కనురెప్పలు, జరీ అంచు వంటి సన్నని వివరాలు అలుక్కుపోతాయి. ఒక్కోసారి అసలు ఫొటో అంచు, దానిమీది గీతలు కూడా అచ్చులో పడతాయి. అప్పుడు కాగితం చెప్పేది నకలు వయసు; బొమ్మ అంతకన్నా పాతదని గ్రహించాలి.

అయితే కాగితం ఎంత చెప్పినా మనుషుల పేర్లు చెప్పదు. అవి పెద్దవాళ్ల నోటనే వినాలి. అందుకే రెండు సాక్ష్యాలూ ఒకచోట ఉండాలి. ఫోనులో ముందువైపు మాత్రమే తీసుకుని, చెదపట్టిందని అట్టను పారేస్తే సగం చరిత్ర చెత్తలో కలుస్తుంది. రెండువైపులా ఫొటో తీసి, పెద్దలు చెప్పిన పేర్లను, చెప్పినవారి పేరుతో సహా, విడిగా రాసిపెట్టుకోవాలి. అప్పుడే తర్వాతి తరం మన మాటను నమ్మడమే కాక, సరిచూసుకోనూ గలుగుతుంది.