పద్యం ముందా, పెట్టె ముందా?

నాటకాల పిచ్చి ఒకసారి పట్టిందంటే ఓ పట్టాన వదిలేది కాదు. నాకు పన్నెండో ఏట పట్టింది. తెనాలిలో నాటకమని తెలిస్తే చాలు, భట్టిప్రోలులో సాయంకాలం బండెక్కి వెళ్ళడం, రాత్రంతా మేలుకోవడం, పొద్దున బండికి ఎర్రబడ్డ కళ్ళతో ఇల్లు చేరి అమ్మ చేత చివాట్లు తినడం. ఇదీ మా విద్యాభ్యాసం!

మా ప్రాంతం గాలే అలాంటిది. ఈలపాట రఘురామయ్యగారిది సుద్దపల్లి. స్థానం నరసింహారావుగారిది బాపట్ల. ఇక నాటకమంటే తెనాలి, తెనాలంటే నాటకం. అలాంటి చోట పుట్టినవాడికి చెవి కాస్త పొగరుగా ఉంటే తప్పు నాది కాదు.

చిన్నప్పటి నుంచీ నేను వెంబడి తిరిగిన నాటక సమాజం ఒకటుంది. పేరెందుకు లెండి. ఆ రోజుల్లో వాళ్ళకున్న వాద్యబలం రెండే రెండు. కాళ్ళతో తొక్కే హార్మోనియం ఒకటి, తబలా ఒకటి. పద్యం ఎత్తుకోగానే తబలా చేతులు కట్టుకుని కూర్చునేది. పద్యానికి తాళం లేదు కదా! హార్మోనియం మాస్టారు నటుడి మొహంలోకి చూస్తూ ఉండేవారు. ఆయన ఊపిరి తీసుకుంటే ఈయన ఆగేవారు. ఆయన రాగం తీస్తే ఈయన నీడలా వెనకే నడిచేవారు. మధ్యలో కాస్త నిశ్శబ్దం ఉండేది చూశారూ, మాట మనసులో దిగేది అక్కడే.

మొన్న శ్రీరామనవమి పందిట్లో అదే సమాజం 'పాండవోద్యోగం' రాయబారం వేసింది. మనవణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. హార్మోనియం చోట కీబోర్డు, తబలా పక్కన కర్రలతో కొట్టే ఎలక్ట్రిక్ ప్యాడ్లు. కృష్ణుడు నోరు తెరిచేలోగా ఉరుము ఉరిమింది. ఊపిరి తీసుకునే సందులో వేణువు, వయొలిన్, గంటలు, అన్నీ ఆ పెట్టెలోంచే. పద్యం పూర్తయింది. చప్పట్లు మోగాయి. మావాడు నా చెవిలో, "తాతయ్యా, కృష్ణుడు ఏమన్నాడు?" అన్నాడు.

నాకు కోపం రాలేదు, దిగులు వేసింది. ఎందుకంటారా? మా వీధిలో అక్షరమ్ముక్క రాని రైతుకూలీలు తిరుపతి వేంకట కవుల పద్యాలు వరసపెట్టి చదివేవారు. వాళ్ళకు పుస్తకం ఎవరిచ్చారు? వినీ వినీ నేర్చుకున్నారు. మాట వినపడకపోతే ఆ బడి మూతపడినట్టే.

ముసలివాడి చాదస్తం అంటారేమో. ఆ అనుమానం నాకూ ఉంది. మైకు వచ్చిన కొత్తలో మా నాన్నగారూ ఇలాగే విసుక్కున్నారు. అసలు మేం నెత్తిన పెట్టుకున్న హార్మోనియమే పరాయిది. ఫ్రాన్సులో 1842లో పేటెంటు పొందిన వాద్యం. దాని మెట్ల మీద గమకం పలకదని ఆకాశవాణి 1940లో దాన్ని గడప దాటనివ్వలేదు. 1971లో గాని ఆ కట్టడి సడలలేదు. కాబట్టి కొత్త పెట్టెను పరాయిదనే నోరు నాకు లేదు.

నా తగవు పెట్టెతో కాదు. ఎవరి వెంట ఎవరు నడవాలన్నదే తగవు. మైకు లేనప్పుడు చివరి చాపవాడికి వినపడాలని నటులు ఐదున్నర శ్రుతిలో గొంతు చించుకునేవారు. మైకు వచ్చాక గుసగుసకు కూడా తావు దొరికింది. ధర్మరాజు దిగులు మెల్లగా చెప్పొచ్చు, కృష్ణుడి కొంటెతనం నవ్వుతూ చెప్పొచ్చు. ఎంత వరం! మనవాళ్ళేం చేశారు? గొంతు తగ్గించకపోగా, వాద్యాలకూ తలా ఒక మైకు పెట్టారు. ఇప్పుడు నటుడు పెట్టె వెంట పరుగెత్తుతున్నాడు.

నాటకం అయ్యాక తెర వెనక్కి వెళ్ళాను. కీబోర్డు వాయించినాయన ఒకప్పటి మా హార్మోనియం మాస్టారి శిష్యుడే. తల నెరిసింది. మనసులో మాట అనేశాను. ఆయన నవ్వి, "బాబుగారూ, పద్యం అర్థమై మీరు చప్పట్లు కొట్టిన రోజులు తక్కువండీ. రాగం గుక్క తిప్పుకోకుండా లాగితే కొట్టారు. వన్స్ మోర్ అన్నారు. మీకేది కావాలో అదే పెంచుకుంటూ వచ్చాం" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. నిజమే! ఒకే నాటకంలో ముగ్గురు కృష్ణులు దిగి పోటీలుపడి రాగాలు తీసిన రాత్రుల్లో, ముందు వరసలో కూర్చుని వన్స్ మోర్ అని అరిచినవాళ్ళలో నేనూ ఉన్నాను. మాటను రాగం మింగేసిననాడు మురిసిపోయి, రాగాన్ని పెట్టె మింగేసిననాడు ఏడిస్తే ఎలా?

ఇంటికొచ్చాక మనవణ్ణి కూర్చోబెట్టి, కృష్ణుడు ఏమన్నాడో ఒక్కొక్క మాటే విడదీసి చెప్పాను. రాగం తీయలేదు. వాడు మళ్ళీ చెప్పమన్నాడు. వచ్చే ఏడూ వాణ్ణి తీసుకునే వెళతాను. ఈసారి మాత్రం చప్పట్లు ఎక్కడ కొట్టాలో కాస్త చూసుకుని కొడతాను.