ఓపికా, సాధనా?

వృత్తికి ఇష్టం ముఖ్యమా, పట్టుదలా అన్నప్పుడల్లా నాకు బాపట్ల కనుపర్తి వరలక్ష్మమ్మ (1896–1978) గుర్తొస్తారు. ‘గృహలక్ష్మి’లో ఏళ్ల తరబడి రాసిన శారద లేఖలు స్నేహితురాలికి రాసినట్టుగా సాగే ఉత్తరాలు. ఇంటిపని మధ్య ఆపి, మళ్లీ అందుకోగల రూపమది. 1934లో తొలి గృహలక్ష్మి స్వర్ణకంకణం ఆమెకే దక్కింది. అయినా ఇలాంటి కొనసాగింపును ఆడవాళ్లలో ఓపిక అంటాం, మగవాళ్లలో సాధన అంటాం. ఇష్టం లేకుండా అన్నేళ్లు రాయగలరా?

అయితే మా గుంటూరు, ప్రకాశం చేలల్లో పత్తి తీసే, మిరపకాయలు కోసే ఆడవాళ్లకూ పట్టుదల ఉంది. ఎంచుకునే వీలే లేదు. పట్టుదలను మెచ్చుకునేముందు, ఆ వీలు ఎవరికి దక్కిందో విమర్శ అడగాలి.