చక్కు పట్టు

అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడి లక్కబొమ్మల రంగుల్ని అందరూ మెచ్చుకుంటారు. నేను మాత్రం లేతు మీద కర్రను పట్టి తిప్పే చక్కు దగ్గరే ఆగిపోతాను.

వేరేచోట్ల సరైన చక్కు దొరికించుకోవడమే ఒక పని. 1947లో అమెరికాలో వచ్చిన షాప్‌స్మిత్ యంత్రం ఒక్కటే రంపం, డ్రిల్లు, లేతు అన్నీ. పాతది చేజిక్కినవాళ్లు దాని చక్కులు పోల్చుకోవాలంటే రంధ్రం 5/8 అంగుళమా, లోపల వాలుందా, మర ఉందా అని కొలుస్తూ కూర్చోవాలి. ఏటికొప్పాకలో అంత తతంగం లేదు. బోలుగా ఉన్న చక్కు నోట్లోకి అంకుడు కర్ర ముక్క కొసను సుత్తితో దిగ్గొడతారు. బిగువే పట్టు. ముక్క వంకరగా దిగిందా, తిరిగేటప్పుడు ఊగుతుంది, ఉలి ఎగిరిపడుతుంది. అందుకే నా లెక్కలో సగం పనితనం ఉలి ఆనించకముందే, ఆ సుత్తి దెబ్బల్లోనే తేలిపోతుంది.

రూపం వచ్చాక తిరుగుతున్న బొమ్మకే రంగు లక్క కడ్డీని నొక్కిపడతారు. ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టేస్తుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు. ఇదంతా ముక్క చక్కులో ఉండగానే కావాలి. మధ్యలో ఊడదీసి మళ్లీ బిగిస్తే కేంద్రం తప్పుతుంది (ఇనుప చక్కులకూ ఈ జబ్బుంది). ఆఖర్న ఉలి మొనతో బొమ్మను కోసి విడదీస్తారు.

2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. సబబే. చక్కులో మిగిలిన ముక్కను తట్టి తీసి, పనివాడు ఇంకో అంకుడు ముక్క అందుకుంటాడు.