ఊదకూ అందే ఎరువు

భీమవరం చుట్టుపక్కల అరవై దాటిన మగవాళ్ల ఇళ్లలో ఈ రెండూ ఉంటున్నాయి. వంటింట్లో బచ్చలికట్ట, టీవీ పక్కన అమెరికా నుంచి అబ్బాయి తెచ్చిన విటమిన్ సీసా. ప్రోస్టేట్ క్యాన్సర్ రాకుండా ఏది కాస్తుందని అడిగితే చాలామంది చెయ్యి సీసా వైపే వెళ్తుంది. డబ్బు పెట్టి కొన్నది కదా!

నిజానికి రెండూ ఒకింటివే. ఆ సీసాలో ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని 1941లో పాలకూర నుంచి తీశారు. పేరు కూడా ఆకును లాటిన్‌లో పిలిచే మాట నుంచి వచ్చిందే. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికా మందుల కంపెనీ లెడర్లీ బృందానికి పెద్ద, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కణం పెరగడానికి కావలసిన ఈ పదార్థాన్ని చేసిన బృందమే దానికి అడ్డుపడే అమినోప్టెరిన్‌నూ చేసింది. సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు దాన్ని పిల్లల రక్తక్యాన్సర్‌కు వాడారు. చేలో ఎరువు చల్లితే వరితోపాటు కలుపు మొక్క ఊదకూ అందుతుందని మన రైతుకు వేరే చెప్పాలా?

ఇక బిళ్ల సంగతి. పేగుల్లో పిలకలు (పాలిప్స్) రాకుండా ఆపుతుందేమోనని ఉత్తర అమెరికాలో 643 మంది మగవాళ్ల మీద పరీక్షించారు. కొందరికి రోజుకు 1 మిల్లీగ్రాము ఫోలిక్ ఆమ్లం, మిగిలినవాళ్లకు ఉత్తుత్తి బిళ్ల. 2009లో బయటపడిన లెక్క: పదేళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చే అవకాశం ఫోలిక్ బిళ్ల మింగినవాళ్లలో 9.7 శాతం, ఉత్తుత్తి బిళ్ల మింగినవాళ్లలో 3.3 శాతం. తొందరపడకండి, మొత్తం కేసులు 34 మాత్రమే. 2013లో దాదాపు 50,000 మంది లెక్కలు కలిపి చూస్తే అంత తేడా నిలవలేదు. విటమిన్ ఇ బిళ్లది మాత్రం గట్టి సాక్ష్యం. 35,533 మందిపై జరిగిన సెలెక్ట్ పరీక్షలో అది మింగినవాళ్లకు ఈ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చింది. ఇక మన మందుల షాపులో ఫోలిక్ బిళ్ల సాధారణంగా 5 మిల్లీగ్రాములది, ఆ పరీక్షలో ఇచ్చినదానికంటే ఎక్కువ. గర్భిణులకు ఫోలిక్ ఆమ్లం తప్పనిసరి, వాళ్ల మాట వేరు.

ఆకు మీద అలాంటి ఫిర్యాదేమీ లేదు. 2009 పరీక్షలోనే, తిండిలో ఉండే ఫోలిక్ రూపం, అంటే ఫోలేట్, ఎక్కువ అందినవాళ్లకు ముప్పు తక్కువేమో అన్న ఛాయ కనిపించింది, గట్టిగా తేలలేదు. తోటకూర పప్పులో ఆకు ఉడికిన నీళ్లు పారబోయం కాబట్టి అందులోని ఫోలేట్ చాలావరకు కంచంలోకే వస్తుంది.

అలాగని కందాబచ్చలిని మందు చేసేయలేం. తొలిదశ ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నవాళ్లతో రెండేళ్లపాటు కూరగాయలు బాగా తినిపించిన మీల్ పరీక్ష ఫలితం 2020లో వచ్చింది. జబ్బు ముదరడం ఆగలేదు. బరువుకూ పొగకూ ఇందులో పెత్తనం ఉంది: ఒళ్లు పెరిగినవాళ్లలో ముదిరిన రకం ఎక్కువ, సిగరెట్ మాననివాళ్లలో ఈ క్యాన్సర్‌తో చనిపోయేవాళ్లు ఎక్కువ. ఒకప్పుడు గట్ల వెంట నడిచి చూసిన చేలను ఇప్పుడు బండి మీద చూస్తున్నాం, అన్నం కుప్ప మాత్రం తగ్గలేదు.

నా ఓటు ఆకుకే, అది కూడా కుప్ప తగ్గించి గట్టెక్కితేనే. తండ్రికో అన్నకో ఈ జబ్బు వచ్చినవాళ్లు, రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేచేవాళ్లు యూరాలజిస్టు దగ్గరకు వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ సీసా కూడా పట్టుకెళ్లి చూపించండి.